డస్టర్‌తో చెరగని పేరు

కిందటి నెల ఇద్దరు టీచరమ్మలు మా ఇంటికొచ్చారు. ఇద్దరూ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, ఇద్దరికీ మా పాత బడే వచ్చింది. "మేడం, పిల్లలకి ట్యాబులూ నెట్టూ బాధ్యతగా వాడటం నేర్పడంలో మీ బడి మండలంలోనే ఫస్టట కదా. మాకు ఆరు, ఏడు తరగతులు అప్పజెప్పారు. నాలుగు చిట్కాలు చెప్పండి" అన్నారు.

చిట్కాలా! నాకు చిర్రెత్తుకొచ్చింది. వాళ్ల మీద కాదు, నా మీదే. కాఫీ ఇచ్చి, అవీ ఇవీ మాట్లాడి పంపించేశాను. వాళ్లు గేటు దాటాక సిగ్గేసింది. చెప్పడానికేం రోగం నాకు? ఆ 'ఫస్టు' ఎలా వచ్చిందో, దాని కింద ఎవరి చదువు నలిగిపోయిందో చెప్పకుండా ఎన్నాళ్లు కూర్చుంటాను? అందుకే ఇది రాస్తున్నాను. సన్మానాలూ ప్రమోషన్లూ ఇందులో ఉండవు. ఒక తప్పు ఉంటుంది. అది నాది.

బోర్డు మీద పేర్లు

నా మొదటి పోస్టింగు పిడుగురాళ్ల పక్కన ఒక ఊళ్లో, సున్నపు బట్టీల మధ్య. ఆ బడి గోడలకి ఎవరూ సున్నం వెయ్యక్కర్లేదు, గాలే వేసేది. ఒకే గదిలో మూడు తరగతులు. నాకు ఇరవై మూడేళ్లు. మొదటి వారం అరిచి అరిచి గొంతు పోయింది. అక్కడి హెడ్‌మాస్టారు పెద్దాయన, నన్ను పిలిచి, "అమ్మాయ్, నువ్వెందుకు అరుస్తావ్? ఒకణ్ణి లీడర్ని చెయ్యి. మాట్లాడినోళ్ల పేర్లు బోర్డు మీద రాయమను. అంతే, నీ పని అయిపోయినట్టే" అన్నారు.

తెలుగు బడిలో చదువుకున్నవాళ్లకి ఈ పద్ధతి గురించి వేరే చెప్పక్కర్లేదు. టీచరు గదిలో లేనప్పుడు లీడరు సుద్దముక్క పట్టుకుని నిలబడతాడు. నోరు విప్పినవాడి పేరు బోర్డుకెక్కుతుంది. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటూ. మూడు ఇంటూలు పడ్డాయంటే గోడకుర్చీ వెయ్యాల్సిందే. "రేయ్ రేయ్, చెరిపెయ్ రా, నీకు రేగుపళ్లు పెడతా" అని బతిమాలుకోవడాలూ, "నేను మాట్లాడలేదు మేడం, ఆడే పలకరించాడు" అని ఏడుపులూ. నేను రాగానే అందరినీ కలిపి నాలుగు తిట్లు తిట్టి, డస్టర్ తీసుకుని పేర్లన్నీ చెరిపేసి పాఠం మొదలుపెట్టేదాన్ని. మధ్యాహ్నం అన్నాల వేళకి ఎవరి పేరు ఉందో ఎవరికీ గుర్తుండేది కాదు.

ముప్పై అయిదేళ్లకి పైగా ఈ పద్ధతితోనే నెట్టుకొచ్చాను. అందులో ఉన్న మంచి అంతా ఆ డస్టర్‌లోనే ఉందని అప్పుడు నాకు తెలియదు.

ఫోటో ఉంటేనే పని జరిగినట్టు

చివరి ఏళ్లలో మా ఉద్యోగం తీరే మారిపోయింది. బడికి రాగానే మరుగుదొడ్డి ఫోటో. కడగకముందు ఒకటి, కడిగాక ఒకటి. మధ్యాహ్నం అన్నం ఫోటో, గుడ్డు ఫోటో. పిల్లల కాళ్లకి బూట్లున్నట్టు ఫోటో. అన్నీ పైకి పంపాలి. పంపకపోతే ఫోన్లు వస్తాయి. పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే ఎదురుగా ఫోను పెట్టి "ఇటు చూడండర్రా" అనేదాన్ని. "తియ్యనా?" అని ఒక్క పిల్లని కూడా అడిగిన పాపాన పోలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు.

ఇది సాకుగా చెప్పడం లేదు. చెయ్యి ఎలా అలవాటు పడిందో చెబుతున్నాను. మీ చెయ్యి కూడా ఇప్పటికే అలవాటు పడి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

ట్యాబులొచ్చాయి

రిటైరవడానికి ఇంకా మూడేళ్లుందనగా నేను ప్రత్తిపాడు అవతల ఒక ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఊరి చుట్టూ మిరప, పత్తి. ఆ ఏడాది ఏడో తరగతి పిల్లలకి బడి తరఫున ట్యాబులిచ్చారు. మా హెడ్‌మాస్టారు మితభాషి, నాకంటే నాలుగేళ్లు చిన్న. "ఫోన్ల సంగతి మీకు బాగా తెలుసు కదా అమ్మగారూ" అని ఆ పని నా నెత్తిన పెట్టారు.

మొదటి నెల అంతా నవ్వులాటగానే గడిచింది. ఒకళ్ల ఇంట్లో ట్యాబుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, బీరువాలో దాచి తాళం వేశారు. ఇంకొకళ్ల ఇంట్లో నాన్నగారు దాన్ని చేలోకి పట్టుకెళ్లి సినిమాలు చూస్తున్నారు. ఒక ట్యాబులో ఛార్జింగు పెట్టే కన్నం నిండా కారం దుమ్ము. ఉఫ్ మని ఊదబోయి అరగంట తుమ్మాను. "మేడంకి ట్యాబు ఘాటెక్కిందిరోయ్" అని పిల్లలు పడీ పడీ నవ్వారు.

రెండో నెల నుంచి నవ్వు తగ్గింది. పాఠం చెబుతుంటే బల్లల కింద ఆటలు. ఒకళ్ల ట్యాబు తెరిచి ఇంకొకళ్లు పిచ్చి రాతలు. ట్రైనింగులో మాకు చెప్పింది ఒక్క ముక్క, "పిల్లలు బాధ్యతగా వాడేలా చూడండి" అని. ఎలా చూడాలో ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్ల పిల్లలు వాళ్లు. పూర్తిగా చిన్నవాళ్లూ కాదు, పెద్దవాళ్లూ కాదు. కూర్చోబెట్టి మాట్లాడితే చాలా అర్థమయ్యే వయసు. నాకు అంత ఓపిక లేకపోయింది. పాత మందే వాడాను.

ట్యాబుల్లో తరగతికో గ్రూపు ఉండేది. పిల్లలు, నేను, ఫోను ఉన్న తల్లిదండ్రులు అందులో ఉండేవాళ్లం. మా క్లాసు లీడరు హారిక, ఎరువుల కొట్టు వాళ్లమ్మాయి. చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్ల. దాన్ని పిలిచి చెప్పాను: "ఇవాళ్టి నుంచి సుద్దముక్క అక్కర్లేదు. ట్యాబుతో ఎవరు వెధవ్వేషాలు వేసినా ఫోటో తీసి గ్రూపులో పెట్టు. కింద పేరు రాయి. వాళ్ల అమ్మానాన్నా చూస్తారు, నేనూ చూస్తాను."

హెడ్‌మాస్టారికి ఈ సంగతి తెలిసి స్టాఫ్ రూములో మెల్లిగా అన్నారు. "అమ్మగారూ, బోర్డు మన గదిలో ఉంటుంది. ఇది ఊళ్లో ఉంటుంది. ఒకసారి ఆలోచించండి."

"మీరు ప్రతిదానికీ భయపడతారు సార్" అన్నాను, అందరి ముందూ. నా నోరు అంత మంచిది.

పది రోజుల్లో తరగతి మొత్తం నోరు మూసుకుంది. బల్ల కింద ఆట లేదు, పిచ్చి రాత లేదు. మండలాఫీసు నుంచి అధికారి వచ్చి చూసి, "భలే పద్ధతి కనిపెట్టారు మేడం, వచ్చే మీటింగులో మిగతా బళ్ల వాళ్లకి మీరే చెప్పాలి" అన్నారు. నేను పొంగిపోయాను. మండలంలో ఫస్టు అన్నది అక్కడ పుట్టిన మాట.

పిల్లలు బాధ్యత నేర్చుకున్నారనుకున్నాను. వాళ్లు నేర్చుకున్నది ఒకటే, ఫోటోకి దొరక్కుండా ఉండటం.

మల్లేశ్వరి

ఆ తరగతిలో మల్లేశ్వరి అని ఒక పిల్ల ఉండేది. తండ్రి అంజయ్య కౌలుకి మిరప వేసేవాడు. ఆ పిల్ల రాత చూస్తే ముచ్చటేసేది, గుండ్రంగా, అచ్చుగుద్దినట్టు. రోజూ పొద్దున్నే బోర్డు మీద తేదీ, వారం రాసే పని దానిదే. నేను చెప్పకుండానే తీసుకుంది ఆ పని. బడిలో అడుగుపెట్టగానే సంచి కూడా దించకుండా ముందు తేదీ రాసేది.

మా ఊళ్లో ఫిబ్రవరి వచ్చిందంటే మిరప కోతలు. సగం బెంచీలు ఖాళీ అవుతాయి. అంతకుముందు ఏడాది మల్లేశ్వరి కూడా నెలన్నర రాలేదు. ఈసారి వాళ్లమ్మ బతిమాలగా బతిమాలగా అంజయ్య ఒక మాటకి ఒప్పుకున్నాడు. తెల్లారకముందే లేచి కల్లంలో కూర్చుని కాయలకి తొడిమలు తీయాలి, బడి గంట వేళకి వదిలేస్తాడు. మళ్లీ సాయంత్రం కల్లం. ఆ పిల్ల బడికి రావడానికి పెట్టుకున్న ఒప్పందం అది. నాకు ఇదంతా తర్వాత తెలిసింది. ముందు తెలుసుకోవడం నా ఉద్యోగం, నేను తెలుసుకోలేదు.

ఒక మంగళవారం నేను ప్రత్తిపాడులో మీటింగులో ఉన్నాను. మిగతా బళ్ల టీచర్లకి నా గొప్ప పద్ధతి గురించి చెబుతున్నాను. మధ్యలో ఫోను మోగింది. గ్రూపులో హారిక పెట్టిన ఫోటో. మల్లేశ్వరి బెంచీ మీద తల వాల్చి నిద్రపోతోంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఒళ్లో ట్యాబు వెలుగుతోంది. కింద "మల్లేశ్వరి ట్యాబు ఆన్ చేసి నిద్రపోతోంది" అని రాసి ఉంది. "చూశారా, నేను లేకపోయినా ఎలా నడుస్తుందో" అని పక్కనున్న టీచర్లకి ఫోను తిప్పి చూపించాను. వాళ్లు నవ్వారు. నేను బొటనవేలు బొమ్మ నొక్కి, "గుడ్ లీడర్" అని రాసి ఫోను సంచిలో పడేశాను.

ఫోటో పెద్దది చేసి చూడలేదు. చూసి ఉంటే ఆ పిల్ల వేళ్లు కనిపించేవి. మిరప మంటకి వాచి ఎర్రగా, కొబ్బరినూనె రాసుకుని మెరుస్తూ ఉన్నాయి.

సాయంత్రానికి ఎవరో ఆ ఫోటోలోంచి ముఖం ఒక్కటే కత్తిరించి స్టిక్కరు చేశారు. అంటే ఫోన్లో ఒకళ్లకొకళ్లు పంపుకునే చిన్న బొమ్మ. "నిద్రొస్తోందెహె" అని దాని మీద రాశారు. పిల్లల అన్నలకి, బావలకి, టీ కొట్టు దగ్గర కుర్రకారుకి చేరింది. మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర ఒకడు అంజయ్యకే చూపించాడట. "ఏం మావా, పిల్లదానితో రాత్రుళ్లు కూడా కాయలేరిస్తన్నావా ఏంది?" అన్నాడట.

మల్లేశ్వరి ఆ రోజు బడికి రాలేదు. మర్నాడూ రాలేదు. బోర్డు మీద మంగళవారం తేదీ అలాగే ఉండిపోయింది. ఎవరూ చెరపలేదు.

"మీరే పెట్టమన్నారు కదా"

శుక్రవారం నాకు విషయం తెలిసింది. తరగతిలోకి వెళ్లి విరుచుకుపడ్డాను. "ఎవర్రా ఆ స్టిక్కరు చేసింది? సిగ్గుందా మీకు? ఒక మనిషి ఫోటో, ఆ మనిషిని అడక్కుండా పదిమందికి పంపొచ్చా? మీ అక్కదో చెల్లెలిదో అయితే పంపుతారా?" అని గదంతా అదిరేలా అరిచాను. అందరూ తలలు దించుకున్నారు.

హారిక లేచి నిలబడింది. ఎదిరించడానికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. "మేడం, మీరే పెట్టమన్నారు కదా?"

ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఏ అధికారి ముందూ నేను అంత దోషిలా నిలబడలేదు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను స్టిక్కరు చెయ్యలేదు మేడం. ఫోటో ఒక్కటే పెట్టాను. మీరు గుడ్ లీడర్ అన్నారు" అంది.

"కూర్చో అమ్మా" అన్నాను. 'తప్పు నీది కాదు, నాది' అని ఆ రోజు అందరి ముందూ చెప్పి ఉంటే ఆ పిల్లన్నా బాగుపడేది. నేను చెప్పలేదు. నా పరువు అడ్డమొచ్చింది. తరగతి మొత్తం దానితో మాట్లాడటం మానేసింది. ఏడాది చివర వాళ్ల నాన్న గుంటూరు బడికి మార్చేశాడు. అక్కడ లీడరుగా ఉండమంటే ఏడ్చేసిందని వాళ్లమ్మ తర్వాత నాతో అంది.

కల్లంలో

ఆ సాయంత్రమే అంజయ్య కల్లానికి వెళ్లాను. ఎర్రగా పరిచిన కాయల మధ్య తల్లీ కూతుళ్లు తొడిమలు తీస్తున్నారు. నన్ను చూడగానే అంజయ్య లేచాడు.

"ఏం మేడంగారూ, ఇక్కడ కూడా ఫోటో తీద్దామనొచ్చారా?"

"తప్పయిపోయింది అంజయ్యా. పిల్లని బడికి పంపు."

"పంపితే ఏం జేశారండీ? చదువు చెప్తారని పంపితే ఊరంతా తిప్పారు నా పిల్ల మొహాన్ని. నిద్రపోతే లేపాల. లేపి మొహం కడుక్కోమనాల. అదీ చేతగాకపోతే ఇంటికి పంపాల. అంతేగానీ బొమ్మ దీస్తారా? ఇంక నిద్రొస్తే ఇక్కడే పోతది లెండి, ఆళ్లమ్మ పక్కన."

వాళ్లమ్మ తల ఎత్తలేదు. "మీరెళ్లండి మేడంగారూ. ఎంత జెప్పి ఒప్పించానో ఆ దేవుడికే తెలుసు. ఇంక నా మాట ఇనడు" అంది.

మల్లేశ్వరి నా వెనకే కల్లం చివరదాకా వచ్చింది. "మేడం, ఆ ఫోటో తీసేశారా?" అని అడిగింది.

"ఆ ఫోటోనే కాదమ్మా, గ్రూపునే తీసేశాను."

"మరి మా బావ ఫోన్లో ఉందిగా? టీ కొట్టాయన ఫోన్లో ఉందంట. గ్రూపు తీసేస్తే అవెట్టా పోతయ్?"

పన్నెండేళ్ల పిల్లకి తెలిసింది నాకు తెలియలేదు. పోనీ తెలిసినా ఒప్పుకోలేదు.

"అందరి ఫోన్లలోంచీ పోయినాక చెప్పండి మేడం. అప్పుడు మా నాన్నని నేనడుగుతా. నాకు బడికి రావాలనే ఉంది" అంది.

"నేను పోగొడతాను. మాటిస్తున్నా" అన్నాను.

పదకొండు ఇళ్లు

మాట నిలబెట్టుకుందామనే బయల్దేరాను. రోజూ బడి వదలగానే ఎవరి ఫోన్లో ఉందని తెలిస్తే వాళ్లింటికి వెళ్లి బతిమాలుకున్నాను. కొందరు నా ఎదురుగానే తీసేశారు. కొందరు నవ్వారు. "దాన్దేముంది మేడం, సరదాకి. ఎవరికీ నష్టం లేదుగా" అన్నాడొకడు. ఒకావిడ చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ, "అయ్యో, అది మా అంజయ్య కూతురా? నాకు తెలవదే. మా చెల్లెలికి కూడా పంపానే, దాచేపల్లికి" అంది.

పదకొండు ఇళ్లు తిరిగాను. పన్నెండో ఇంటికి వెళ్లలేదు. దాచేపల్లి మాట విన్నాక కాళ్లు రాలేదు. ఇదీ నిజం, ఇంకో నిజం కూడా ఉంది. మండలాఫీసు అధికారి ఫోను చేసి, "ఎందుకు మేడం ఊరంతా తిరిగి గోల చేసుకుంటారు? ఎవరూ కంప్లయింటు ఇవ్వలేదు. గ్రూపు తీసేశారుగా, అయిపోయింది" అన్నారు. 'అయిపోయింది' అన్న మాట వినడానికి నేను కాచుకుని ఉన్నాను. ఆగిపోయాను.

బడి మానేసిన పిల్లల రిజిస్టరులో కారణం రాయాలి. మల్లేశ్వరి పేరు ఎదురుగా 'కుటుంబ వలస' అని రాశాను. ఆ కుటుంబం బడికి అర మైలు దూరంలో ఉంది. హెడ్‌మాస్టారు సంతకం పెట్టేముందు ఆ ముక్క చదివి నా ముఖం వంక చూశారు. సంతకం పెట్టేశారు. ఆ రోజు ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఆ తర్వాత ఏం నేర్పానంటే

మరుసటి ఏడాది ఏడో తరగతికి నేను వేరేగా మొదలుపెట్టాను. మీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే ఇక్కడే ఉంది.

మొదటి రోజు ట్యాబులు పంచలేదు. ఒక కాగితం ముక్క మీద 'మేడం గురక పెడుతుంది' అని రాసి ఒక పిల్లకిచ్చాను. చూసి రాసి ఇద్దరికివ్వు, వాళ్లు మరో ఇద్దరికివ్వాలి అన్నాను. పిల్లలకి పండగే పండగ. గంట కొట్టే వేళకి, "ఇప్పుడు ఆ చీటీలన్నీ ఏరుకొచ్చి నాకివ్వండి, ఒక్కటి తగ్గినా ఊరుకోను" అన్నాను. వారం రోజులు ఏరారు. ఒకటి పక్క తరగతికి పోయింది. ఒకటి చొక్కా జేబులో ఉతుక్కి పోయింది. ఒకటి మధ్యాహ్నం పప్పు బకెట్లో తేలింది. మూడు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. "కాగితమే దొరకలేదు మేడం" అంది ఒక పిల్ల, చాలా దిగులుగా. ఇంక నేను వేరే ఉపన్యాసం చెప్పక్కర్లేకపోయింది.

రెండో పాఠం ఒక్కటే మాట: ముందు అడగాలి. ఫోటో తీయబోతే ఆ మనిషి ముఖంలోకి చూసి "తియ్యనా?" అనాలి. వద్దంటే ఎందుకని అడక్కూడదు. అది పిల్లలకే కాదు, నాకూ అన్నాను. అన్నం ఫోటో తీసేముందు వాళ్లని అడగడం మొదలుపెట్టాను. కొందరు వద్దనేవాళ్లు. వాళ్లని పక్కకి జరగమని, ఖాళీ కంచాల ఫోటోలు పంపేదాన్ని. పైనుంచి తిట్లు పడ్డాయి. పడనిచ్చాను.

ఒకసారి అదే అధికారి వచ్చి, "అందరూ ట్యాబులు పైకెత్తండి" అని ఫోను తీశారు. ముందు వరసలో ఒక బక్కపిల్ల చటుక్కున లేచి, "సార్, మీరు మమ్మల్ని అడగలేదు" అంది. ఆయన మొహం మాడిపోయింది. నాకు మెమో ఖాయమనుకున్నాను. అయినా నా ఉద్యోగంలో అంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు.

మూడోది, నేను ఎవరినీ ఎవరి మీదా కాపలా పెట్టలేదు. ట్యాబుతో తప్పు చేసిన పిల్ల నా దగ్గరికొచ్చి తనే చెప్పాలి, చెబితే మూడో మనిషికి తెలియదు అన్నాను. మొదట్లో ఎవరూ రాలేదు. రెండు నెలలకి ఒకరు వచ్చారు, ఆ తర్వాత రాసాగారు. అల్లరి తగ్గలేదు. మండలంలో ఫస్టు రాలేదు.

ఇవన్నీ పనికొచ్చే పాఠాలే. అయితే మల్లేశ్వరి ఖర్చు మీద నేర్చుకున్నవి. వాడుకోండి, మెచ్చుకోకండి.

రిటైరయ్యాక

రిటైరయిన రోజు బంధువులందరం మా ఇంట్లో భోజనాలు చేశాం. అందరూ వెళ్లాక, మధ్యాహ్నం మూడింటికి, ఒంగోల్లో ఉండే మా అక్క కూతురు దారిలోంచి మా ఇళ్లవాళ్ల గ్రూపులో "భోజనం ఎక్కువైంది పిన్నీ" అని రాసి, కింద ఒక స్టిక్కరు పెట్టింది. నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్న చిన్నపిల్ల. "నిద్రొస్తోందెహె."

వెంటనే ఫోను చేశాను. "ఇది నీకెక్కడిదే?"

"ఏమో పిన్నీ, మా ఆఫీసు గ్రూపులో ఎప్పట్నుంచో ఉంది. ఎవరో ఏమో. ముద్దుగా ఉంది కదా?"

నాలుగో రోజు బస్సెక్కాను. అదీ కోతల కాలమే. అంజయ్య చేను వదిలేసి పెద్ద రైతు కల్లంలో పనికి కుదిరాడని చెప్పారు. అక్కడికి వెళ్లాను. వరసగా కూర్చున్న ఆడవాళ్లందరూ ఘాటుకి ముక్కు మీదుగా గుడ్డలు కట్టుకుని ఉన్నారు. అందులో ఒకమ్మాయి నన్ను చూసి గుడ్డ మెడ మీదకి దించుకుని, "మేడం!" అంటూ లేచింది. పదిహేను దాటాయి. పొడుగైంది. అదే ముఖం.

పక్కకొచ్చి కూర్చున్నాం. వాళ్లమ్మ సంగతులూ, బడి సంగతులూ అడిగింది. నవ్వుతూనే మాట్లాడింది. నేనే ఉండబట్టలేక, "ఆ ఫోటో విషయంలో నీకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయానమ్మా. అది ఇంకా తిరుగుతూనే ఉంది" అని చెప్పేశాను.

"అదా మేడం? ఎప్పుడో మర్చిపోయాను. చిన్నప్పటి సంగతి" అంది.

నా గుండె మీంచి బరువు దిగినట్టయింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఉత్సాహం వచ్చేసింది నాకు. "చూడు, ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టొచ్చు. బడికి రోజూ వెళ్లక్కర్లేదు. మీ నాన్నతో నేను మాట్లాడతా. దరఖాస్తు నేనే నింపుతా. నీ రాతకి..." అంటూ ఉన్నాను.

"నిజంగా కట్టొచ్చా మేడం?" అంది. ఆ ముఖం ఒక్కసారి బోర్డు మీద తేదీ రాసే పిల్ల ముఖమైంది.

"ఎందుకు కట్టకూడదు? ఏమీ అక్కర్లేదు, ఆధార్ నంబరూ, ఒక ఫోటో. అంతే" అంటూ సంచిలోంచి ఫోను తీసి, ఆమె వైపు ఎత్తాను.

మల్లేశ్వరి చెయ్యి టక్కున మెడ దగ్గరికి పోయింది. గుడ్డ ముక్కు మీదకి, కళ్ల కిందిదాకా లాక్కుంది. ఆలోచించి చేసింది కాదు. కళ్లలో కారం పడబోతే రెప్ప మూసుకున్నట్టు చేసింది.

నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. రెండేళ్ల పాటు పిల్లలందరికీ నేర్పిన మాట, అధికారికి కూడా ఒక పిల్ల నేర్పిన మాట, అడగాల్సిన ఒక్క మనిషి దగ్గర నాకు గుర్తు రాలేదు. ఫోను దించి, అప్పుడు అడిగాను.

"తియ్యనా అమ్మా?"

"వద్దు మేడం" అంది గుడ్డ వెనక నుంచి. కోపం లేదు గొంతులో.

ఎందుకని నేను అడగలేదు. ఆమె "పని ఉంది మేడం, వస్తా" అని వెళ్లి వరసలో కూర్చుంది. కాయలు దగ్గరికి లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. బస్సు వేళ వరకూ నేను అక్కడే ఉన్నాను. ఫోను సంచిలో అడుక్కి పెట్టేశాను. అయినా ఆమె గుడ్డ దించలేదు.